వాసనకు సాక్షి ఎవరు?

న్యూఢిల్లీలో ఐ.ఎన్.ఎ. ప్రాంతాన ‘ఉపభోక్తా న్యాయ భవన్’ అని ఒక కట్టడం ఉన్నది. జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార కమిషన్ కొలువు తీరేది అక్కడే. పార్లమెంటు చుట్టూ ప్రదక్షిణలు చేసే మా పత్రికా రచయితలలో ఆ మెట్లు ఎక్కేవారు అరుదు. ప్రభుత్వాలు అక్కడ కూలవు. మంత్రివర్గాలు అక్కడ మారవు. అక్కడి వ్యాజ్యాలు ఒక ఫ్లాటు గురించో, ఒక బీమా పాలసీ గురించో, ఒక కారు గురించో అయి ఉంటాయి. అయినప్పటికీ, సామాన్య పౌరుని మాటకు ఈ దేశంలో ఎంత విలువ ఉన్నదో తెలుసుకోదలచినవారు లోక్‌సభ గ్యాలరీలో ఒక పూట తగ్గించుకుని ఆ భవనంలో ఒక పూట కూర్చుంటే నష్టం లేదని ఈ రచయితకు ఇటీవల తోచింది. అలా తోచడానికి కారణం ఢిల్లీలో దొరకలేదు. గుజరాత్‌లోని కడోదరాలో దొరికింది.

కడోదరా పేరు పాఠకులలో చాలామంది విని ఉండకపోవచ్చు. సూరత్‌లో బంధువులున్న సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలకు మాత్రం అది కొత్త కాదు. సూరత్ నగరానికి తూర్పున, పల్సానా తాలూకాలో, ఢిల్లీ–ముంబయి జాతీయ రహదారి మీద ఉన్న ఊరది. పూర్వం 8వ నంబరుతో పిలిచిన ఆ రహదారిని ఇప్పుడు 48వ నంబరుతో పిలుస్తున్నారు. సూరత్ నుండి బార్డోలీ వెళ్లే రోడ్డు ఈ రహదారిని దాటే కూడలిని ‘కడోదరా చార్ రస్తా’ అంటారు. చుట్టూ మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు, పొగగొట్టాలు. రాత్రింబవళ్లు లారీల రొద.

జౌళి మిల్లుల పరిస్థితి చూడడానికి సూరత్ వెళ్లిన ఈ రచయిత అక్కడ ఒక తెలుగు ఇంట భోజనానికి కూర్చోవలసి వచ్చింది. ఇంటి పెద్ద 1982లో సిరిసిల్ల నుండి మరమగ్గం పనికి వచ్చిన మనిషి. కొంతకాలం మగ్గాల మీద, తరువాత అద్దకపు మిల్లులో పనిచేశారు. కొడుకు సూరత్ నగరపాలిక నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువుకుని, ఇప్పుడు నూలు వ్యాపారంలో చిన్న గుమాస్తా స్థితి దాటి సొంత దుకాణం పెట్టుకున్నాడు. రెండు తరాల సంపాదన మీద, కొంత బ్యాంకు అప్పు మీద, గత దసరాకు ఆ ఇంటికి ఒక కొత్త కారు వచ్చింది. ముందు అద్దానికి పసుపు కుంకుమలు, బానెట్టు మీద బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పెద్దాయన పేరు మీదనే బండి రిజిస్టరు అయింది.

రాజకీయాలు మాట్లాడుకుందామని కూర్చున్నాము. కాని ఆ ఇంట ఆ నెలల్లో ఒకటే ప్రసంగం. కారులో వాసన.

నాలుగు జాబ్ కార్డులు

చలికాలమంతా కారు బాగానే ఉన్నది. ఎండలు ముదిరి ప్రతిదినం ఏసీ వేయడం మొదలైన తరువాత, ఏప్రిల్ మాసంలో, తలుపు తీయగానే ఒక వాసన ముఖాన కొట్టసాగింది. తడిసిన గోనెసంచి మూలన మగ్గినట్లు, దానికి తోడు పులిసిన పిండి వంటి వాసన అని కోడలు వర్ణించింది. ఉదయం మొదటి పది నిమిషాలు తీవ్రంగా ఉంటుంది. అద్దాలు దించి కొంత దూరం నడిపితే తగ్గిపోతుంది. ఇంట ఆయాసం ఉన్న మనుమరాలు ఉన్నది. పిల్ల ఆ కారు ఎక్కితే దగ్గు ఆగడం లేదని గమనించి, వారు కొత్త కారును ఇంటి ముందు నిలిపి పిల్లను పాత స్కూటరు మీదనే బడికి పంపసాగారు.

మొదటిసారి నగరంలోని డీలరు సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్లినప్పుడు వారు కారంతా తుడిచి, సుగంధ ద్రవ్యం చల్లి పంపారు. రెండు రోజులు మల్లెపూల వాసన వచ్చింది. మూడవ రోజు మల్లెపూలూ, గోనెసంచీ కలిసి వచ్చాయి. రెండవసారి ఏసీ శుభ్రం చేశామని, అది వారంటీలోకి రాదని, డబ్బు కట్టించుకున్నారు. మూడవసారి సర్వీస్ అడ్వైజరు కారులో కూర్చుని, నాలుగుసార్లు ముక్కు ఎగబీల్చి, తనకేమీ తెలియడం లేదన్నాడు. తెలియకపోవడంలో వింత లేదు. కడోదరా నుండి ఆ రద్దీలో అక్కడికి చేరేసరికి ముప్పావుగంట గడుస్తుంది. అప్పటికి వాసన విరిగిపోతుంది. జాబ్ కార్డు మీద మాత్రం ‘ఫిర్యాదు నిర్ధారణ కాలేదు’ అని నమోదయింది.

నాలుగవసారి జరిగినది పెద్దాయన మనసులో ముల్లులా నిలిచింది. అడ్వైజరు హిందీలో, మర్యాదగానే, ఇలా అన్నాడట: “మీరుండేది మిల్లుల మధ్య. ఆ వాసనే కారులోకి వస్తున్నది. మా కారులో ఏమీ లేదు.” నవసారి వెళ్లినా, బార్డోలీ వెళ్లినా ఇదే వాసన వస్తున్నదని కొడుకు చెప్పబోయాడు. అప్పటికే అడ్వైజరు తరువాతి కస్టమరు వైపు తిరిగాడు.

“నా ముక్కు ఎన్నడో పోయింది సారూ,” అన్నారు పెద్దాయన. “ముప్పయేండ్లు రంగుల కాడ పనిచేసినోనికి వాసనేం తెలుస్తది? కోడలు చెప్తే నేనే నమ్మలే. వాడు మిల్లుల మాట అన్నంక నమ్మిన. మేము కంపులో బతుకుతున్నమని, మాకు కంపుకూ కంపుకూ తేడా తెల్వదనే గదా వాడన్నది!”

ఈ జిల్లాలో వాసనను తేలిక చేయడం తగని పని. 2022 జనవరి 6వ తేదీ తెల్లవారుజామున, ఇదే సూరత్ పరిసరాలలోని సచిన్ పారిశ్రామిక వాడలో, ఒక ట్యాంకరు నుండి మురుగుకాలువలోకి అక్రమంగా రసాయనాలు వదలగా వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు మరణించారు. ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారులోని వాసనకూ ఆ ఘోరానికీ పోలిక లేదు. కాని ఇక్కడ నివసించేవారు కంపుకు అలవాటు పడినవారు గనుక వారి ఫిర్యాదుకు బరువు లేదనే భావం ఎంత అపాయకరమో ఆ ఉదయం చెప్పింది.

ముక్కు చెప్పే మాట

ఇంతకూ కారులో వాసన అనేది అంత అంతుపట్టని మాయ కాదు. అనుభవం ఉన్న మెకానిక్కుకు వైద్యుడికి నాడి వంటిది. పెట్రోలు వాసన వస్తే ఇంధనపు గొట్టాలలోనో, ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోనో లోపం ఉన్నట్లు. అటువంటి కారును కదపరాదు. తీపి వాసన, దానితో పాటు లోపలి అద్దం మీద జిడ్డు పొర కనిపిస్తే ఇంజను చల్లబరచే ద్రవం హీటరు వద్ద కారుతున్నదని అనుమానించాలి. కుళ్లిన గుడ్ల వాసన అయితే పొగగొట్టంలోని శుద్ధి యంత్రాన్నో, అతిగా చార్జి అవుతున్న బ్యాటరీనో చూడాలి. కాలిన వాసన క్లచ్చుదో, వేడి గొట్టం మీద పడిన నూనెదో, వైరుదో కావచ్చు. చచ్చిన ఎలుక సంగతి చెప్పనే అక్కరలేదు. కొత్త కారులో మొదట వచ్చే వాసన ప్లాస్టిక్కు, జిగురు, సీట్ల నురుగు విడిచే రసాయనపు ఆవిరి. అది ఎండలో హెచ్చి, నెలలు గడిచిన కొద్దీ తగ్గుతుంది. నెలలు గడిచిన కొద్దీ హెచ్చే వాసన మాత్రం కొత్తదనం కాదు, రోగం.

కడోదరా కారు రోగాన్ని పట్టినవాడు చార్ రస్తా దగ్గర రేకుల షెడ్డులో పనిచేసే ఒక వయసు మళ్లిన మెకానిక్కు. ఆయన పరికరమేదీ బయటికి తీయలేదు. “రాత్రికి బండి నా దగ్గర ఉంచండి. తెల్లవారి నేనే మొదట తలుపు తీస్తాను,” అన్నాడట. నాలుగుసార్లు కారును చూసిన సర్వీసు కేంద్రం చేయని పని అదొక్కటే. వాసన ఉండే వేళకు వాసన చూడడం.

తెల్లవారి తలుపు తీశాడు. తల ఊపాడు. ఇంజను నడిపి, ఏసీ వేసి, కారు కిందికి వంగి చూశాడు. ఏసీ నడిచే కారు కింద నీటి చుక్కలు పడాలి. గాలిలోని తేమ చల్లని రేకుల మీద నీరై, ఒక చిన్న రబ్బరు గొట్టం గుండా నేల మీదికి పోవాలి. ఇరవై నిమిషాలు నడిచినా ఆ కారు కింద నేల పొడిగా ఉన్నది. అప్పుడు డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు తీసి, తివాచీ అంచు కిందికి చేయి జొనిపాడు. చేయి తడిసి వచ్చింది. గొట్టం తన చోట కూర్చోక, బయటికి పోవలసిన నీరు నెలల తరబడి కారు లోపలికే దిగుతున్నది. పైకి తివాచీ పొడిగా ఉన్నది. దాని కింద దళసరి మెత్త నీరు తాగి మగ్గుతున్నది.

ఆయన తివాచీ విప్పలేదు. బయటివారు చేయి పెట్టారని వారంటీ లేదంటారేమోనని భయం. కొడుకుతో మాత్రం ఒక మాట చెప్పాడు: ఆ మెత్త కింద వైర్లు ఉంటాయి, వాటి కలయికలు ఉంటాయి, నీరు వాటిని తుప్పు పట్టిస్తుంది, ఈవేళ వాసన, రేపు మరొకటి.

చట్టం అడిగేది, చట్టం ఇచ్చేది

ఇక్కడ కొంతసేపు రాజధానికి తిరిగి రావాలి. ఎందుకంటే ఆ రేకుల షెడ్డులో జరిగిన పరీక్షను ఎలా జరిపించాలో ఢిల్లీ చేసిన చట్టంలో రాసి ఉన్నది.

1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం నాటికి భారతదేశంలో కారు కొనడం గొప్ప. అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో పేరు నమోదు చేయించుకుని ఏండ్లు ఎదురుచూసినవాడు పెట్రోలు వాసన వస్తున్నదని ఎవరితో మొరపెట్టుకోగలడు? 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళంచెవులు అందించిన నాటి నుండి లోకం మారింది. ఈనాడు గుజరాత్‌లోని సానంద్‌లో కార్లు తయారవుతున్నాయి, హన్సల్‌పూర్‌లో తయారవుతున్నాయి, మన పెనుకొండలో తయారవుతున్నాయి. షోరూములో కొనేవాడికి కుర్చీ వేసి, చల్లని పానీయం ఇచ్చి, కేకు కోయించి, ఫొటో తీస్తున్నారు. మర్యాద పెరిగింది. తాళంచెవి చేతికి వచ్చిన తరువాత అతని మాటకు విలువ పెరిగిందా అన్నది ప్రశ్న.

పాత చట్టం స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై 20 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోట, లేదా పనిచేసే చోట జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి పరుగెత్తనక్కరలేదు. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే విచారిస్తుంది. 5 లక్షల వరకు ఫీజే లేదు. ఆ పైన 10 లక్షల వరకు 200 రూపాయలు. లోపం తలెత్తిన రెండేండ్లలోగా ఫిర్యాదు చేయాలి. వస్తువులోని లోపం పరీక్ష లేనిదే తేలదని కమిషన్ భావిస్తే, 38వ సెక్షను కింద దానిని తగిన ప్రయోగశాలకు పంపవచ్చును. 45 రోజులలో నివేదిక రావాలి. పరీక్ష అక్కరలేని వ్యాజ్యం మూడు నెలలలో, పరీక్ష అవసరమైనది అయిదు నెలలలో ముగించడానికి ప్రయత్నించాలని కూడ చట్టం చెబుతున్నది.

వినడానికి ఇంపుగా ఉన్నది. కాని మెలిక ఎక్కడ? పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారు చేతనే కట్టించవచ్చును. తయారీలోనే లోపమున్నదని చూపే భారం కూడ ప్రధానంగా అతనిదే. నిపుణుని నివేదిక లేదన్న కారణంతో వీగిపోయిన కారు వ్యాజ్యాలు అనేకం. చప్పుడును రికార్డు చేయవచ్చు, మరకను ఫొటో తీయవచ్చు. ఉదయం పది నిమిషాలు ఉండి పోయే వాసనను ఏ కాగితానికి అంటించి న్యాయస్థానం ముందు పెట్టాలి? అతని చేతిలోని ఒకే కాగితం జాబ్ కార్డు. దాని మీద రాసేది ఎదుటి పక్షం. అది రాసినది ‘నిర్ధారణ కాలేదు’ అని.

సుప్రీంకోర్టు ఈ చిక్కును ఎరుగనిది కాదు. 2006లో ఒక మారుతి కారు క్లచ్చు లోపం వ్యాజ్యంలో, వారంటీ అంటే లోపమున్న భాగాన్ని మార్చడమే గాని కారునే మార్చి ఇవ్వడం కాదని అది తీర్పు చెప్పింది. అది కంపెనీలకు అనుకూలం. 2010లో ఒక ఫియట్ కారు వ్యాజ్యం వచ్చింది. ఇంజను నుండి అసహజమైన చప్పుడు వస్తున్నదని కొనుగోలుదారు ఫిర్యాదు. అక్కడ న్యాయస్థానం మధ్యేమార్గం తొక్కింది. ఇరుపక్షాలకూ చెందని సాంకేతిక నిపుణుడు కారును పరీక్షించాలని, తయారీ లోపమే ఉన్నదని తేలితే ధర తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. చప్పుడుకు సాక్షిగా మూడవ మనిషిని నిలిపిన ఆ న్యాయం వాసనకు మాత్రం ఎందుకు వర్తించదు?

మరొక చిక్కు. డీలరును అడిగితే కంపెనీ అంటాడు, కంపెనీని అడిగితే డీలరు అంటుంది. అమ్మకంలో డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలిసి జరిగిందని చూపనిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని, వారిద్దరి సంబంధం స్వతంత్ర వ్యాపారుల సంబంధమని, 2021లో టాటా మోటార్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక సర్వీసు కేంద్రం సంగతి. వారంటీ కింద చేసిన పనికి సాధారణంగా కంపెనీ డీలరుకు సొమ్ము చెల్లించాలి. అందుకు లోపం నిర్ధారణ అయినట్లు కాగితం చూపాలి. నిర్ధారణ కాని వాసన కోసం సగం రోజు సీట్లు విప్పి తివాచీ ఎత్తితే ఆ కూలి ఎవరు భరించాలి? కనుక ఆ అడ్వైజరును మాత్రమే దుర్మార్గునిగా చిత్రించడం న్యాయం కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్లుంది అతని ఉద్యోగం. వాసన వినిపించుకోకపోవడం అతని గుణం కాదు. ఆ ఏర్పాటు గుణం.

అరగంట పని

కొడుకు మెకానిక్కు చూపిన తడిని ఫొటో తీశాడు. ఏ తేదీన, ఏ వేళ, ఏసీ వేసినప్పుడా వేయనప్పుడా, వాసన ఎంతసేపు ఉన్నదో రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాశాడు. ఏసీ నడుస్తున్నా కారు కింద నీరు పడడం లేదన్న సంగతిని ప్రత్యేకంగా పేర్కొని, డీలరుకూ కంపెనీకీ రాతపూర్వకంగా పంపాడు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాడు. ఆ కేంద్రం న్యాయస్థానం కాదు, ఎవరినీ శిక్షించలేదు. ఫిర్యాదును కంపెనీకి చేరవేసి, జవాబు చెప్పమని అడుగుతుంది. అడిగేవారు మరొకరున్నారని తెలియడమే ఒక్కొక్కప్పుడు చాలును.

వారం గడవకముందే సర్వీసు కేంద్రం నుండి పిలుపు వచ్చింది. ఈసారి కారును ముందురోజు సాయంత్రమే అక్కడ ఉంచమన్నారు. మరునాడు ఉదయం కస్టమరు ఎదుటనే సీటు విప్పి, తివాచీ ఎత్తారు. మెత్తను పిండితే నీరు కారింది. గొట్టాన్ని సరిగా బిగించడానికి పట్టిన కాలం అరగంట. మెత్త మార్చారు. రెండవసారి ఏసీ శుభ్రం చేసినందుకు తీసుకున్న డబ్బు కూడ తిరిగి ఇచ్చారు. వాసన పోయింది. పిల్ల మరల కారెక్కుతున్నది.

కథ ఇక్కడ ముగిస్తే అందరికీ సుఖం. కాని తాళంచెవి ఇచ్చే ముందు సంతకం పెట్టమని తెచ్చిన జాబ్ కార్డు మీద పెద్దాయన చూపు నిలిచింది. కొడుకు చదివి చెప్పాడు. ‘కస్టమరు సంతృప్తి కొరకు, గుడ్‌విల్ ప్రాతిపదికపై, ఉచితంగా చేయబడినది.’ లోపం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

“అంటే ఏంది? దయ తలచి చేసిన్రా?” అని ఆయన అడిగారు.

ఆ ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. దయతో చేసిన పనికి లెక్క ఉండదు. వారంటీ ముగిసిన తరువాత ఆ గొట్టం మరల ఊడితే, ఇది మొదటి నుండి ఉన్న లోపమని చూపడానికి కాగితం ఉండదు. అదే ఫ్యాక్టరీలో, అదే వారంలో, అదే చేయి బిగించిన గొట్టాలు ఇంకెన్ని కార్లలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా 110ఎ సెక్షను వచ్చింది. 2021 ఏప్రిల్ నుండి దాని నిబంధనలు అమలులో ఉన్నాయి. ఒక రకం వాహనంలోని లోపం అందులోని వారికో, దారిన పోయేవారికో, పర్యావరణానికో హాని చేయగలదని తేలితే, ఆ వాహనాలన్నిటినీ వెనక్కు పిలిపించి సరిచేయమని తయారీదారును కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చును. అందుకు ఒక ప్రాతిపదిక, నిర్ణీత శాతం యజమానులు ఆ లోపాన్ని తెలియజేయడం. ప్రతి జాబ్ కార్డు మీద లోపాన్ని ‘గుడ్‌విల్’గా మారిస్తే ఆ శాతం ఎన్నటికి నిండుతుంది? వాసన ఒక్కటే ఆ సెక్షను కిందికి రాకపోవచ్చు. కాని వైర్ల మీద నిలిచిన నీరు వాసనగానే మొదలవుతుందన్నది కడోదరా చెప్పిన పాఠం.

బార్డోలీ అడిగినది

చార్ రస్తా నుండి తూర్పుగా ఇరవై కిలోమీటర్ల లోపే బార్డోలీ ఉన్నది. 1928 ఫిబ్రవరిలో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వాన అక్కడి రైతులు శిస్తు కట్టమని తీర్మానించిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. సత్యాగ్రహమనగానే మనకు జప్తులు, వేలాలు, పోలీసులు గుర్తుకు వస్తారు. ఆ రైతుల కోరిక ఎంత మితమైనదో గుర్తుకు రాదు. శిస్తు పెంచే అధికారి పొలాలకు వెళ్లి చూడకుండానే 30 శాతం పెంచవచ్చునని రాశాడని, ప్రభుత్వం దానిని 22 శాతంగా ఖరారు చేసిందని వారి ఆరోపణ. పెంపు రద్దు చేయండి, లేదా నిష్పక్షపాతంగా విచారణ జరిపించండి అన్నారు. ఎదుటివాడి రాతను ఎదుటివాడే ఖరారు చేయరాదన్నదే వారి వాదం. చివరకు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు గ్రామాలు తిరిగి విచారించగా, 22 శాతం నిలువలేదు. దాదాపు 6 శాతం చాలునని తేలింది.

శిస్తు సమస్యనూ కారు గొట్టాన్నీ ఒకే త్రాసులో పెట్టడం ఈ రచయిత ఉద్దేశం కాదు. పోలిక పద్ధతిలో ఉన్నది. పొలానికి వెళ్లకుండా రాసిన శిస్తు, వాసన లేని వేళ చూసి రాసిన జాబ్ కార్డు ఒకే అలవాటు నుండి పుట్టినవి. రెండిటికీ మందు ఒకటే: ప్రయోజనం లేని మూడవ మనిషి, సరైన వేళకు, సరైన చోటికి వెళ్లి చూడడం. ఆ మూడవ మనిషిని చట్టం ఇప్పటికే ఊహించింది. జిల్లా కమిషన్ గుమ్మం దాకా రాగలిగిన వారికే గాక, సర్వీసు కేంద్రం కౌంటరు దగ్గర నిలబడిన వారికి కూడ అతడు అందుబాటులో ఉండాలి. వివాదం వచ్చిన చోట ఆ జిల్లాలోని పాలిటెక్నిక్కు, ఐటిఐ వంటి సంస్థల నిపుణుల చేత స్వల్ప రుసుముతో పరీక్ష చేయించి, ఆ నివేదికను ఇరుపక్షాలూ గౌరవించే ఏర్పాటు చేయడం వినియోగదారుల మంత్రిత్వశాఖకు శక్తికి మించిన పని కాదు. కస్టమరు చెప్పిన మాటను అతని మాటలలోనే జాబ్ కార్డు మీద నమోదు చేయాలన్న నిబంధనకు ఖర్చే లేదు.

అది వచ్చేదాకా కొనుగోలుదారులు చేయగలిగినది కొంత ఉన్నది. వాసన వచ్చే వేళను రాసి పెట్టుకోవడం, జాబ్ కార్డు నకలు తీసుకోకుండా కౌంటరు విడువకపోవడం, కారును రాత్రి అక్కడే ఉంచి ఉదయం చూడమని రాతపూర్వకంగా కోరడం, సుగంధ ద్రవ్యాన్ని మరమ్మతుగా అంగీకరించకపోవడం.

సూరత్ పెద్దాయన ఏమి చేశారో చెప్పి ముగిస్తాను. ‘గుడ్‌విల్’ మాట తీసి ‘లోపం’ అని రాయమని ఆయన అడిగారు. కంప్యూటరులో ఆ మాటకు గడి లేదని మేనేజరు జవాబు. ఆయన వాదించలేదు. కలం అడిగి తీసుకుని, సంతకం పెట్టే గీతకు పైన ఉన్న ఖాళీలో, చిన్ననాడు సిరిసిల్ల బడిలో నేర్చిన గుండ్రని అక్షరాలతో, నిదానంగా తెలుగులో రాశారు: ‘గొట్టము లోపము. సరిచేసి ఇచ్చినారు.’ తేదీ వేసి, కింద సంతకం పెట్టారు.

ఏమి రాశారని మేనేజరు అడిగాడు. కొడుకు హిందీలో చెప్పాడు. మేనేజరు క్షణం ఆలోచించి, నకలు మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఆ నకలును ఆయన ఈ రచయితకు చూపి, మడిచి, బీరువాలో కారు కాగితాల మధ్య దాచారు.